సైలెన్సరు ఎవరి కొరకు?



గత వేసవిలో మేమిద్దరం ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళి, రెండు నెలలు ఉండి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. వచ్చినప్పటి నుండి అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అక్కడ ఏమేమి చూశారు అయ్యగారూ?" చూడవలసినవి చాలానే చూశాము. అయితే మా మనసులో నిలిచిపోయినది మాత్రం ఒక శనివారం ఉదయం. ఆ ఉదయం ప్రక్కింటి పెద్దాయన తన కారు క్రింద వెల్లకిలా పడుకొని సైలెన్సరు మార్చుకుంటుంటే, మేము టార్చిలైటు పట్టుకొని నిలబడ్డాము. నవ్వకండి. ఆ టార్చిలైటు వెలుగులో మాకు మా ఊరు కనబడింది. మేమూ కనబడ్డాము. ఆ సంగతే ఈ వారం మీతో పంచుకోవాలని ఉంది.

ముందుగా ఆ కారు సంగతి చెప్పాలి. అది మన రోడ్ల మీద కనబడే రకం కాదు. పైకప్పు లేదు, తలుపులు లేవనే చెప్పాలి. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. కూర్చున్నవాడు చెయ్యి క్రిందికి చాపితే రోడ్డు తగులుతుంది. కారు అడుగుకూ నేలకూ మధ్య జానెడు కూడా లేదు. 1957లో కోలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు తన లోటస్ కంపెనీ నుండి 'సెవెన్' అనే చిన్న కారు తెచ్చాడు. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ అనే మరో కంపెనీ చేతికి వెళ్ళాయి. అదే పోలికలో కార్లు ఈనాటికీ తయారవుతున్నాయి. దీని ప్రత్యేకత ఏమిటంటే, దీనిని పెట్టెలలో విడిభాగాలుగా కొని, ఇంటి దగ్గరే బిగించుకోవచ్చు. ఆ రోజులలో అక్కడ పూర్తిగా తయారైన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలుగా కొంటే ఆ పన్ను తప్పేది. బిగించే విధానం కాగితం మీద వ్రాసి ఇస్తే పన్ను పడుతుందని, 'విప్పే విధానం' వ్రాసి ఇచ్చేవారనీ, కొన్నవాడు దానిని చివరి నుండి మొదటికి చదువుకొని బిగించుకునేవాడనీ అక్కడివారు నవ్వుతూ చెప్పుకుంటారు. 1973లో వ్యాట్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది గాని, సొంత చేతులతో కారు బిగించుకునే ముచ్చట పోలేదు.

ప్రక్కింటి పెద్దాయన ఉద్యోగ విరమణ చేశాక రెండు చలికాలాలు షెడ్డులో కూర్చొని ఆ కారును తానే బిగించుకున్నాడట. దానిని తుడిచే తీరు చూస్తే, మన రైతు సంక్రాంతికి ఎడ్లను కడిగే తీరు గుర్తుకొస్తుంది.

ఆ కారుకు సైలెన్సరు క్రింద కాదు, ప్రక్కన ఉంటుంది. ఇంజను నుండి వచ్చిన గొట్టము శరీరము బయటికి పొడుచుకు వచ్చి, కూర్చునే చోటు ప్రక్కగా వెనుకకు వెళ్తుంది. అజాగ్రత్తగా దిగితే పిక్క కాలుతుంది. పెద్దాయన కాలికి ఆ మచ్చ ఉంది. దానిని పతకము వలె మాకు చూపించాడు.

ఇక్కడ ఒక మాట. మనమూ, ఇంగ్లండువారూ దీనిని సైలెన్సరు అంటాము. అమెరికావారు మఫ్లర్ అంటారు. మనకు మఫ్లర్ అంటే డిసెంబరు చలిలో పెద్దలు తలకూ చెవులకూ చుట్టుకునే గుడ్డ. ఆలోచిస్తే రెండు పేర్లూ సరిపోయాయి. ఇంజను నోటికి చుట్టిన గుడ్డే అది. 1897లోనే అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు దీనికి పేటెంటు పొందారు. మోటారు బండి పుట్టిన కొద్ది సంవత్సరాలకే దాని నోటికి గుడ్డ కట్టవలసి వచ్చిందన్నమాట.

అది పనిచేసే విధానం తెలుసుకుంటే మన మాట స్పష్టమవుతుంది. ఇంజనులో పెట్రోలు మండిన ప్రతిసారీ వేడి వాయువు పెద్ద ఒత్తిడితో గొట్టములోనికి దూకుతుంది. అది నేరుగా బయటికి వస్తే టపాకాయ ప్రేలినట్లు ఉంటుంది. నిమిషానికి వేలసార్లు అలా ప్రేలితే అదే బండి రొద. కొన్ని సైలెన్సర్లలో లోపల గదులు, అడ్డుగోడలు ఉంటాయి. శబ్ద తరంగాలు వాటికి తగిలి, వెనుకకు తిరిగి, ఒకదానినొకటి తగ్గించుకుంటాయి. ఈ స్పోర్ట్సు కార్లకు ఎక్కువగా వాడేది రెండవ రకం. మధ్యలో నిండా రంధ్రాలు ఉన్న గొట్టము, దాని చుట్టూ గాజునూలు వంటి పీచు, ఆ పైన రేకు డబ్బా. వాయువు తిన్నగా వెళ్ళిపోతుంది, శబ్దము మాత్రం రంధ్రాల గుండా పీచులోనికి వెళ్ళి అక్కడ అణగిపోతుంది. అయితే ఆ పీచు శాశ్వతం కాదు. వేడికి కాలి, పొడియై, కొంచెం కొంచెంగా గొట్టములో నుండి బయటికి పోతుంది. బయటి డబ్బా మెరుస్తూనే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. గొంతు మాత్రం నెలనెలా పెరుగుతుంది. రోజూ వినే యజమానికి ఆ తేడా తెలియదు.

పెద్దాయనకు జరిగినది అదే. అక్కడ సొంత కార్లు తెచ్చుకొని వేగంగా నడుపుకోవడానికి ట్రాకులు ఉన్నాయి. వాటికి చుట్టుప్రక్కల ఊళ్ళ కొరకు శబ్దపు హద్దులు ఉన్నాయి. గొట్టపు మూతికి అర మీటరు దూరములో, ఏటవాలుగా మైకు పెట్టి, ఇంజనును ముప్పాతిక వేగానికి తెచ్చి కొలుస్తారు. హద్దు దాటితే లోనికి రానివ్వరు. ఆయనను రానివ్వలేదు. ఇంటికి పంపించారు.

అవమానంతో తిరిగి వచ్చిన ఆయన ఆ సాయంకాలం మా అమ్మాయి వాళ్ళ తలుపు తట్టాడు. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. వారంలో నాలుగు రాత్రులు డ్యూటీ. ఉదయం వచ్చి పడుకుంటుంది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు: "నా కారు మిమ్మల్ని ఎన్నిసార్లు నిద్ర లేపింది?" అమ్మాయి మొహమాటపడి, "పరవాలేదు" అన్నది. ఆయన, "నేను పరవాలేదా అని అడగలేదమ్మా, ఎన్నిసార్లు అని అడిగాను" అన్నాడు. అప్పుడు అమ్మాయి నిజం చెప్పింది: "ప్రతి శనివారం." మూడేళ్ళుగా ప్రక్కప్రక్కన ఉంటున్నారు. మూడేళ్ళుగా ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

కొత్త సైలెన్సరుకు ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి పొట్టిది, తేలికైనది, గొంతు పెద్దది. రెండవది పొడుగైనది, లావైనది, రెండు కిలోల బరువు ఎక్కువ, గొంతు చిన్నది. ఆ కారు మొత్తము బరువే దాదాపు అర టన్ను. అటువంటి కార్లవారు ఒక్కొక్క కిలో తగ్గించుకోవడానికి డబ్బు ఖర్చు పెడతారు. ఆయన బరువైనదే కొన్నాడు.

ఇక ఆ శనివారం పని. పల్లపు కారు గనుక పని తేలిక కాదు. జాకీతో లేపి, నాలుగు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టి, కదిపి చూశాక గాని ఆయన చెయ్యి లోపల పెట్టలేదు. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రిందికి వెళ్ళకూడదని మాతో రెండుసార్లు అన్నాడు. మన ఊరి కుర్రవాళ్ళు కూడా ఈ మాట వినాలి. గొట్టము పూర్తిగా చల్లారినదో లేదో చూశాడు. తుప్పు పట్టిన నట్లకు ముందు రాత్రే నూనె వేసి నాననిచ్చాడు. పాతది ఊడదీసి, దానిని పట్టుకొనే రబ్బరు బుష్షులు బీటలు వారితే అవీ మార్చాడు. కొత్తదానిని గొట్టములోనికి జొనిపి, క్లాంపులు వదులుగానే ఉంచి, అటూ ఇటూ తిప్పి, కారు శరీరానికి తగలకుండా, నేలకు మరీ దగ్గర కాకుండా సరిచూశాడు. ఆ తరువాతనే ఇంజను వైపు నుండి వెనుకకు ఒక్కొక్కటిగా బిగించుకుంటూ వచ్చాడు. ముందే ఒక చోట గట్టిగా బిగిస్తే మిగిలినవన్నీ వంకరగా కూర్చుంటాయట. స్టార్టు చేసి, అతుకుల దగ్గర వాయువు కారుతోందేమో చెవి పెట్టి విన్నాడు. ఆ వాయువులో వాసన లేని విషము, కార్బన్ మోనాక్సైడు ఉంటుంది గనుక అది చిన్న సంగతి కాదు. ఒకసారి నడిపి, చల్లారాక మరల పానా వేశాడు. వేడికి ఇనుము సాగి సర్దుకుంటుంది గనుక రెండవసారి బిగించాలి.

చివరిగా ఆయన చేసిన పనే మమ్మల్ని పట్టుకున్నది. మా అల్లుడుగారిని డ్రైవరు సీటులో కూర్చోబెట్టి స్టార్టు చేయమని, తాను మా అమ్మాయి పడుకునే గది కిటికీ క్రింద నిలబడి విన్నాడు. తన కారును మొదటిసారిగా తన సీటులో నుండి కాక, ఆమె మంచము దగ్గర నుండి విన్నాడు.

ప్రియులారా, మా అభిప్రాయం ఇక్కడే మొదలవుతుంది. సైలెన్సరు బండి యజమాని కొరకు చేసినది కాదు. అది ప్రక్కవాని కొరకు చేసినది. గొట్టపు మూతి వెనుకకు తిరిగి ఉంటుంది. నడిపేవాడు తన శబ్దాన్ని వెనుక వదిలి ముందుకు పోతాడు. దానిని భరించేవారు ఆ వీధిలో ఉండిపోయేవారు. గనుక బండికి ఏ సైలెన్సరు పెట్టాలనేది ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు. మనకు కనబడని మనిషిని మనము లెక్కలో వేసుకుంటున్నామా లేదా అనే ప్రశ్న.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాము. మన దగ్గర ఆ చిన్న కార్లు లేవు, బుల్లెట్లు ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన సైలెన్సరు ఊడదీసి, లోపల ఏమీ లేని గొట్టము బిగించుకొని తిరుగుతున్నారు. అడిగితే మూడు మాటలు చెబుతారు.

మొదటిది, పవరు పెరుగుతుందని. ఇంజను, గొట్టము, పెట్రోలు కొలత ఇవి మూడూ ఒకదానికొకటి జతచేసి తయారుచేస్తారు. ఒకటి మార్చి మిగిలినవి వదిలేస్తే పెరిగేది చాలాసార్లు చప్పుడు మాత్రమే. పైగా ఇప్పటి చాలా బండ్లలో పొగలోని విషాన్ని తగ్గించే భాగము కూడా ఆ గొట్టములోనే ఉంటుంది. కోసి పారేస్తే అదీ పోతుంది.

రెండవది, చప్పుడు ఉంటే ఎదుటివారు తప్పుకుంటారు, ప్రాణము దక్కుతుందని. శబ్దము ఎక్కువగా వెళ్ళేది వెనుకకు. ప్రమాదము ఎక్కువగా వచ్చేది ముందు నుండి. ప్రాణము మీద అంత ప్రేమ ఉన్నవారు ముందు హెల్మెట్ పెట్టుకోవాలి కదా?

మూడవది, కొంచెమే కదా అని. శబ్దపు కొలత డెసిబెల్ మన మామూలు లెక్క వంటిది కాదు. మూడు డెసిబెల్లు పెరిగితే శబ్దశక్తి దాదాపు రెట్టింపు. పది పెరిగితే పదిరెట్లు. కాగితం మీద చిన్న అంకె, చెవికి పెద్ద దెబ్బ.

చట్టము సంగతి కూడా తెలుసుకోండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 120వ నియమము ప్రతి బండికీ సైలెన్సరు ఉండాలంటుంది. 2019 సవరణ తరువాత, శబ్దపు హద్దు మీరిన బండిని రోడ్డు మీద నడిపితే పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సు మీద వేటు ఉన్నాయి. నగరాలలో పోలీసులు అటువంటి గొట్టాలను వరుసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించడం మీరు చూసే ఉంటారు. అయితే మన పల్లెకు రోడ్డు రోలరు రాదు. పల్లెలో పని చేయవలసినది ముఖపరిచయమే.

ఆ పనే మేము చేయలేదు. మా వీధిలో ఒక బాబు ఉన్నాడు. వయసు ఇరవై రెండు. కష్టపడే పిల్లవాడు, వాయిదాల మీద బుల్లెట్ కొనుక్కున్నాడు. నెల తిరగకుండానే గొట్టము మార్చాడు. అతని ఇంటికి మూడు గడపల అవతల పక్షవాతముతో మంచాన పడిన ఒక పెద్దాయన ఉన్నారు. బండి ఆ గుమ్మం దాటినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడి, బాగున్న చేతితో మంచపు పట్టెను గట్టిగా పట్టుకుంటారు. పరామర్శకు వెళ్ళిన ప్రతిసారీ మేము అది చూశాము. మిరపకోతలకు వెళ్ళి వచ్చి, ఒళ్ళు తెలియక నిద్రపోయే తల్లులు లేచి కూర్చోవడం చూశాము. అయినా ఏడాదిపాటు ఆ బాబుతో ఒక్క మాట అనలేదు. ఎందుకు? వాళ్ళ నాన్న మన పనులన్నిటికీ ముందుండి చెయ్యి వేసే మనిషి. ఆయన మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాము. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. మూడేళ్ళు మొహమాటపడిన మా అమ్మాయికి ఆ గుణము ఎక్కడి నుండి వచ్చిందో మాకు అప్పుడు తెలిసింది.

ఇంగ్లండు నుండి వచ్చాక ధైర్యం తెచ్చుకొని బాబును పిలిచి, ఈ పెద్దాయన కథంతా చెప్పాము. మర్యాదగానే విన్నాడు. విని ఇలా అన్నాడు: "అయ్యగారూ, నా బండి మన వీధిలో అర నిమిషం మోగుతుంది. మన మైకు తెల్లవారుజామున ఐదింటి నుండి ఆరింటి దాకా మోగుతుంది. దాని సైలెన్సరు ఎక్కడ?"

మా దగ్గర జవాబు లేదు. ఉన్నట్లు నటించలేదు.

మన దేశపు 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు బయట మైకు వేయకూడదు. ఇళ్ళు ఉన్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. అదే సంవత్సరం ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ప్రసిద్ధమైన కేసు చెన్నైలోని ఒక కాలనీవారికీ ఒక చర్చికీ మధ్య నడిచినదే. ఇతరుల నెమ్మదిని చెడగొట్టే మైకులు పెట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని కోర్టు తేల్చింది. ఇవి మాకు తెలియని సంగతులు కావు. తెలిసీ, "మంచి మాటలే కదా, వింటే నష్టమేమిటి" అనుకున్నాము. ఆ బాబు కూడా తన బండి శబ్దం గురించి అదే అనుకుంటాడు. తన చెవికి అది సంగీతమే. మన శబ్దం మనకు ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది.

ఆ వారమే ఇంటి పైనున్న నాలుగు హారన్లు దించేశాము. లోపల రెండు పెట్టె స్పీకర్లు పెట్టాము. ఒకరిని లోపల మాట్లాడమని, మేము ఆ మంచాన ఉన్న పెద్దాయన ప్రక్కన కూర్చొని విన్నాము. వినబడలేదు. ఆయన నిద్రపోతూనే ఉన్నారు. మనవారిలో కొందరికి ఇది నచ్చలేదు. "ఊరికి వినబడకపోతే మనము ఉన్నట్లు ఎలా తెలుస్తుంది?" అన్నారు. ఆ బాధ మాకు అర్థమవుతుంది. వెనుక వీధిలో, ఎవరూ పట్టించుకోని చోట బ్రతికినవారికి తమ గొంతు ఊరంతా వినబడడం గౌరవంగా అనిపిస్తుంది. వాయిదాలు కట్టి బండి కొనుక్కున్న కుర్రవానికీ అంతే. 'నేనూ ఉన్నాను' అని చెప్పుకోవడమే అది. అయినా మేము గట్టిగా చెప్పేది ఒకటే: ప్రక్కవాని నిద్ర పాడుచేసి సంపాదించిన గుర్తింపు గౌరవం కాదు. అతడు మనలను గుర్తుపెట్టుకుంటాడు, నిజమే. అయితే ఎలా గుర్తుపెట్టుకుంటాడో ఆలోచించండి.

గనుక ఈ వారం ఒక పని చేయండి. మీ బండి గాని, మీ టీవీ గాని, మీ మైకు గాని, ఎప్పుడూ వినే చోట నుండి కాక, ప్రక్కింటివారు పడుకునే చోట నిలబడి ఒక్కసారి వినండి. సైలెన్సరులోని పీచు ఎప్పుడు కాలిపోయిందో యజమానికి తెలియదు. ప్రక్కవారిని అడిగితేనే తెలుస్తుంది. అడిగినప్పుడు వారు "పరవాలేదు" అంటే అక్కడితో ఆగకండి. ఎన్నిసార్లు అని అడగండి.

ఆ బాబు సంగతి అడుగుతారేమో. ఇంకా మార్చలేదు. హారన్లు దించినప్పుడు క్రింద నిలబడి చూశాడు, ఏమీ అనలేదు. కంపెనీ సైలెన్సరు అటక మీద గోనెసంచిలో భద్రంగా ఉందని వాళ్ళ అమ్మ చెప్పింది. ఏ శనివారమైనా సరే, మార్చుకునే రోజు కబురు చేయమని, టార్చిలైటు మేము పట్టుకుంటామని అతనితో చెప్పి వచ్చాము.